ద్వాలి దాటితే మోగే గుమ్మం

ద్వాలిది పిరికి గుండె అంటే ఆమెను ఎరిగినవాళ్లు నవ్వుతారు. మా ఆఫీసు పెరట్లోకి అడవి వైపు నుంచి పాము వస్తే, మేమంతా కుర్చీలెక్కి కేకలు పెడుతుంటే, ఆమె చీపురు కొసతో దాన్ని గోడ అవతలికి సాగనంపి వచ్చి, "ఇంక దిగుండ్రి" అనేది. మేనేజరు గారన్నా ఆమెకు బెదురు లేదు. ఆయన కాళ్లు ఎత్తేదాకా బల్ల పక్కనే చీపురు పట్టుకుని నిలబడేది. అలాంటి మనిషి ఒక్క సంగతికి మాత్రం గజగజ వణికేది. ఆ వణుకును నా చేతులతో తాకి చూసినదాన్ని కనుక ఈ కథ నేనే చెప్పాలి.

అప్పుడు తొంభై ఎనిమిదో సంవత్సరం. ఊరు కొత్తగూడెం. బొగ్గు లారీల రాకపోకల లెక్కలు చూసే చిన్న ప్రైవేటు ఆఫీసు మాది. నేను అందులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. మాది ఎర్రుపాలెం దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పెళ్లయ్యాక మా ఆయన బడిపంతులు ఉద్యోగం కోసం ఈ బొగ్గుల ఊరికి వచ్చాం. ద్వాలి మా ఆఫీసు ఊడ్చి, నీళ్లు పట్టి, టీలు అందించేది. ఊరి పక్క లంబాడీ తండాలో పుట్టింది. భర్త రూప్లా గనిలో బొగ్గు తవ్వుతాడు. ఇద్దరూ, వాళ్ల చిన్న కూతురూ గని క్వార్టర్లలో ఉండేవాళ్లు.

మేనేజరు వెంకటప్పయ్య గారు కోస్తా నుంచి వచ్చి ఈ జిల్లాలో పొలాలు కొన్న కుటుంబం మనిషి. చేలో జొన్న కంకులకు కాపలా ఉన్నట్టే కంప్యూటర్లకూ కాపలా ఉండేవారు. మౌసు తీగ కాస్త పక్కకు జరిగినా, "ఎవరు ముట్టుకున్నారిది?" అని కేక వేసేవారు. ఆయన బావమరిది హైదరాబాదులో ఏదో కంపెనీ పెట్టి, ఆఫీసు సామాన్లు పోకుండా కాపాడే రేడియో బిళ్లలు తయారు చేయించాడట. అమ్మకానికి పెట్టే ముందు ఎండా, ఉక్కా, బొగ్గు దుమ్మూ ఒకేచోట దొరికే ఆఫీసులో వాటిని పరీక్షించాలట. అలాంటి ఆఫీసు ఎక్కడుందని వెతుక్కోవాల్సిన పని అతనికి లేకపోయింది.

సుధీంద్ర అనే ఇంజనీరు పెట్టెలతో దిగాడు. మెత్తగా మాట్లాడే మనిషి. బిస్కెట్ అంత బిళ్లలు, లోపల సన్నటి రాగి తీగ చుట్ట. కీబోర్డుకొకటి, మౌసుకొకటి, మానిటర్‌కొకటి అంటించాడు. మానిటర్ లోపలి ఇనుము దగ్గర బిళ్ల పనిచేయడం లేదని కింద స్పాంజి ముక్క పెట్టాడు. వీధి గుమ్మానికి అటూ ఇటూ నడుమెత్తు దాటిన రెండు తెల్ల స్తంభాలు నిలబెట్టాడు. బిళ్ల అంటించిన వస్తువు ఏదైనా వాటి మధ్య నుంచి దాటితే కుయ్యోమని మోత. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మొదటి రోజు మేమంతా ఎవరి సంచి వాళ్లం తడుముకుని ఇంటికి వెళ్లాం.

పరీక్షకు ఒక దొంగ కావాలన్నాడు సుధీంద్ర. ఎవరైనా కీబోర్డును కండువా కిందో, సంచిలోనో దాచుకుని గుమ్మం దాటాలి. ఒక్కరూ ఒప్పుకోలేదు. "ఉత్తుత్తిదేనండీ" అన్నాడు పాపం. ఉత్తుత్తిదైనా సరే, గుమ్మం మోగి వీధిలో నలుగురూ తలెత్తి చూస్తే, రేపు ఎక్కడ ఏది పోయినా మా పేరే వస్తుందని అందరికీ భయం. వాచ్‌మన్ షుకూర్ గడ్డం పట్టుకుని "తోబా తోబా" అన్నాడు. చివరికి ఇంజనీరే తన కీబోర్డు తానే ఎత్తుకుపోయి తానే పట్టుబడ్డాడు.

ఆ సాయంత్రమే అసలు గొడవ మొదలైంది. పని ముగించుకుని, ఖాళీ బకెట్ పట్టుకుని ద్వాలి గుమ్మం దాటింది. గుమ్మం మోగింది.

షుకూర్ లేచి వచ్చాడు. బకెట్ బోర్లించాడు. ఏమీ లేదు. "మల్లొకసారి దాటు బేటీ" అన్నాడు. మళ్లీ మోగింది. చీపురు పక్కన పెట్టి దాటింది. మోగింది. వెంకటప్పయ్య గారు లోపలి నుంచి వచ్చి, "ఏం తీశావే?" అన్నారు. ఆయన నోటికి ముందు వచ్చేది ఆ మాటే. ద్వాలి ముఖం నల్లబడిపోయింది. ఆడమనిషిని ఆడమనిషే చూడాలి గదా, ఆ పని నా నెత్తిన పడింది. పక్క గదిలోకి తీసుకెళ్లి, భుజాలూ, నడుమూ, చీర కుచ్చిళ్లూ తడిమాను. నేనే సిగ్గుతో చచ్చాను. ఏమీ దొరకలేదు.

"ఒంటి మీద లోహం ఉంటే ఒక్కోసారి ఇలా అవుతుంది" అన్నాడు సుధీంద్ర. "రింగులూ, గొలుసులూ మా బిళ్ల లాగే కనిపిస్తాయి యంత్రానికి." ద్వాలి కాళ్ల కడియాలు తీసి దాటింది. మోగింది. చేతి గాజులు తీసింది. మోగింది. అప్పుడు ఇంజనీరు ఆమె తల వైపు చూపించి, "అవేంటి?" అన్నాడు.

ఘుగ్రీలవి. చెంపల పక్కన జుట్టుకు కట్టి, చెవుల మీదుగా వేలాడే వెండి గుత్తులు. ఆఫీసు ఉద్యోగం కోసం ద్వాలి అద్దాల రవికె మానేసింది, కుచ్చుల పావడా మానేసింది, మాలాగే చీర కట్టుకుంది. ఘుగ్రీలు మాత్రం వదల్లేదు. వాళ్లలో పెళ్లి నాడు వాటిని కడతారు. భర్త పోయిన నాడు తీస్తారు. నడుమ తీయడమనేది లేదు.

"తీసి ఆ బల్ల మీద పెట్టు" అన్నారు వెంకటప్పయ్య గారు. "ఐదు నిమిషాల పని. నీ వెండి ఎవడికి కావాలి?"

ద్వాలి రెండు చేతులతో రెండు చెంపలూ మూసుకుంది. పామును సాగనంపిన ఆ చేతులు వణుకుతున్నాయి. "తియ్య సారూ. ఏమన్న అను, ఇయ్యి మాత్రం తియ్య. ఆయన ఇప్పుడు లోపటున్నడు."

లోపల అంటే భూమి లోపల. రూప్లాకు ఆ వారం రెండో షిఫ్టు. మేం టీ తాగే వేళకు దిగితే మళ్లీ పైకి వచ్చేసరికి ఊరంతా నిద్రపోతుంది. "అయితే ఏం?" అన్నారు మేనేజరు గారు.

"మా అక్క గిట్లనే తీసింది" అంది ద్వాలి. ఆ మాట ఆయనతో కాదు, నాతో అంది. ఘుగ్రీ గొలుసులో ఒక లంకె తెగిందని అతుకు వేయించడానికి వాళ్లక్క కంసాలి దగ్గరికి వెళ్లిందట. వెంట ద్వాలి కూడా ఉందట. కంసాలి ఇంకా కుంపటి ఊదుతుండగానే మనిషి పరుగెత్తుకొచ్చాడట, గనిలో కప్పు కూలిందని, బావ దాని కిందే ఉన్నాడని. "అతికిన ఘుగ్రీ మల్ల కట్టుకోలేదమ్మా మా అక్క. కంసాలి కాణ్నే ఉండిపోయింది."

ఇలాంటివి వింటే నేను మామూలుగా ఊరుకోను. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగితే కాకిని తిడతామా అని వాదిస్తాను. ఆ రోజు ఆ వాదన ఎత్తలేదు. ఈ ఊరికి వచ్చాక ఒకసారి వేళ కాని వేళ సైరన్ మోగినప్పుడు మా పక్కింటావిడ పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి వీధిలోకి రావడం చూశాను. పాలు పొంగి మాడిన వాసన ఆ వీధంతా వచ్చింది, ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. అటువంటి ఊళ్లో ఉంటూ ఆమెకు తర్కం చెప్పడానికి నేనెవరిని?

సుధీంద్ర యంత్రం జోరు తగ్గించి చూశాడు. ద్వాలికి మోగలేదు గాని, కీబోర్డు చంకలో పెట్టుకు వెళ్లినా మోగలేదు. పెంచితే రెండింటికీ మోగుతుంది. "అవైనా తియ్యి, పనైనా మానుకో" అన్నారు వెంకటప్పయ్య గారు. ద్వాలి గుమ్మం వైపు చూసి, "మోగితే మోగనియ్యి సారూ. రోజూ చూస్కోండ్రి" అంది. దొరకని దొంగ ఉచితంగా దొరికాడని ఇంజనీరుకు లోపల సంతోషమే. రోజూ మోగుతోందా లేదా అన్నది కూడా పరీక్షలో భాగమేనని అతను మేనేజరును ఒప్పించాడు.

అలా రెండు నెలలు ప్రతి సాయంత్రం ద్వాలి గుమ్మం దాటడం, గుమ్మం కుయ్యోమనడం, ఎదురు కిరాణా కొట్లో కూర్చున్నవాళ్లు మెడలు సాచడం, షుకూర్ బకెట్ బోర్లించడం, నేను పక్క గదిలో ఆమెను తడమడం. ఆమె చేతులెత్తి కళ్లు మూసుకునేది. మొదటి రోజుల్లో ఒళ్లంతా వణికేది. ఊళ్లో మాట పుట్టింది. ద్వాలి రోజూ పట్టుబడుతోందట, ఆఫీసువాళ్లు కడుపులో పెట్టుకుంటున్నారట. బడిలో కూతుర్ని ఎవరో దొంగదాని బిడ్డ అన్నారట. రూప్లా పని మానేయమన్నాడు. "పని మానేస్తే దొంగనే అని ఒప్పుకున్నట్టైతది" అందట ద్వాలి. ఆమె తెగింపు చూస్తే నాకు భయమేసేది. మన పరువు కంటే పెద్దదాన్ని దేన్నో తల మీద మోస్తున్న మనిషి అంత తెగిస్తుంది, అది జారితే ఏమవుతుందోనని.

కొన్నాళ్లకు ఒక మార్పు చూశాను. స్తంభాల ముందుకు రాగానే ద్వాలి ఊపిరి బిగబట్టేది. మోగగానే భుజాలు దించి, ఊపిరి వదిలేది. తడిమేటప్పుడు వణుకు కూడా లేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "సిగ్గు పోయిందా ఏందే?"

"సిగ్గెక్కడ పోతదమ్మా" అంది. "ఆయన దిగినంక పొద్దంత నాకు గుండె దడదడనే. తల మీద చెయ్యి పెట్టి చూస్కుందామంటే భయం, జారిపోయి ఉంటే ఎట్లని. గిది మోగితే ఉన్నయ్ అని తెలుస్తది. ఇయ్యి ఉంటే ఆయన ఉన్నట్టే. మోత ఇని ఇంటికి పోతే ఇంత బువ్వ దిగుతది."

దొంగలను పట్టడానికి పెట్టిన యంత్రాన్ని ఈ పిల్ల మొగుడి ప్రాణానికి కాపలా పెట్టుకుంది. "అదొట్టి కరెంటు డబ్బానే ద్వాలీ" అన్నాను. "అవ్" అని నవ్వి బకెట్ తీసుకుని పోయింది. ఆ 'అవ్' లో నమ్మకం లేదు.

పరీక్ష గడువు ఒక శుక్రవారం ముగిసింది. మధ్యాహ్నం సుధీంద్ర వచ్చి కరెంటు తీసేసి, స్తంభాల వెనక మూతలు విప్పి, లోపలి కార్డులు ఊడదీసుకుని, స్తంభాలను అలాగే నిలబెట్టి, పార్సిల్ ఆఫీసుకు వెళ్లాడు. నేను బ్యాంకులో ఉన్నాను. షుకూర్ నమాజుకు, మిగతావాళ్లు భోజనాలకు వెళ్లారు. ద్వాలి వీధి చివర బోరింగు దగ్గర నీళ్లు పడుతోంది. వెంకటప్పయ్య గారు ఒక్కరే ఆఫీసులో ఉన్నారు, ఆయన మాకు చెప్పడం మరిచి, తొందరగా ఇంటికి వెళ్లిపోయారు. అంతే జరిగింది. అంతకు మించి ఎవరి తప్పూ లేదు.

సాయంత్రం ద్వాలి బకెట్ తీసుకుని గుమ్మం దాటింది. గుమ్మం మోగలేదు.

షుకూర్ అలవాటుగా సగం లేచి, ఆగిపోయాడు. నేను తల ఎత్తాను. టైపు చేస్తున్నవాళ్ల చేతులు ఆగాయి. ఆ నిశ్శబ్దం చెవులకు తగిలింది. ద్వాలి మెట్టు మీద నిలబడిపోయింది. వెనక్కి వచ్చి మళ్లీ దాటింది. మళ్లీ వచ్చింది, దాటింది. చేతులు రెండూ చెంపలకు పోయాయి. ఘుగ్రీలు ఉన్నాయి. నాకూ కనిపిస్తున్నాయి.

"ఉన్నయమ్మా" అంది నా వైపు తిరిగి. పెదవులు తెల్లగా అయిపోయాయి. "ఉన్నయ్ గాని మోగుతలేవు. ఓ యాడీ!" అని వాళ్ల భాషలో తల్లిని తలుచుకుంది.

బకెట్ చేతిలోంచి పడింది. అది మెట్లు దొర్లి కింద ఆగేసరికి ఆమె వీధి మలుపు తిరిగింది. "ద్వాలీ, కరెంటు పోయిందేమోనే!" అని అరిచాను. అరుస్తూ పైకి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. అప్పుడు నాకూ భయం పట్టుకుంది. ఏం లాభం చదువుకుని? నా తర్కమంతా ఆ ఫ్యాను రెక్కల్లో చిక్కుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనక పరుగెత్తాను.

గనికి దారి క్వార్టర్ల మధ్య నుంచే. ఆ వీధుల్లో ఒక ఆడది కొంగు జారవిడిచి గని వైపు పరుగెత్తితే, ఎందుకని ఎవరూ అడగరు. అడిగేంత వ్యవధి ఉండదనుకుంటారు. బియ్యం చెరుగుతున్న ఆమె చేట వదిలేసి లేచింది. తల దువ్వించుకుంటున్న పిల్లను పక్కకు నెట్టి తల్లి బయటికి వచ్చింది. "ఏమైంది? యాడ కూలింది?" అని నన్నే అడుగుతున్నారు. నాకు ఆయాసంలో మాట రాదు. నా మౌనాన్ని వాళ్లు జవాబు అనుకున్నారు. ఇంకో వీధి వచ్చి కలిసింది. వెనక్కి చూస్తే రోడ్డు నిండా ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. సైరన్ మోగలేదు కదా అని ఒకామె అంటే, "మోగనియ్యలేదేమో" అని ఇంకొకామె ఏడుపు ఎత్తుకుంది.

గని గేటు దగ్గర కాపలావాళ్లు అడ్డంగా నిలబడ్డారు. షిఫ్టు చూసే అధికారి బయటికి వచ్చి, "ఏం కాలేదమ్మా, పని మామూలుగా నడుస్తోంది" అన్నాడు. ఆ మాట వినగానే ఏడుపులు రెట్టింపయ్యాయి. నిజంగా కూలిన రోజున కూడా ముందు ఆ మాటే వింటారట వాళ్లు. "ఎవరు చెప్పారు మీకు?" అని ఆయన గొంతు చించుకుంటున్నాడు. ఎవరూ చెప్పలేదు. ముందు పరుగెత్తినది ద్వాలి. ఆమె గేటు ఊచలు పట్టుకుని, "రూప్లా, రూప్లా" అని తప్ప మరో మాట అనడం లేదు.

నేను ముందుకు తోసుకు వెళ్లి ఆ అధికారికి చెప్పాను. "సార్, లోపల రూప్లా అనే ఆయన ఉన్నాడు. ఒక్కసారి ఆయన గొంతు వినిపించండి. ఈమె ఊరుకుంటే అందరూ ఊరుకుంటారు." ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత గేటు బయట ఉన్న జనాన్ని చూశాడు. మా ఇద్దరినీ లోపలి గదికి తీసుకెళ్లి, గని లోపలికి ఉన్న ఫోను తిప్పి, రూప్లాను పిలవమన్నాడు. మనిషి వెళ్లి తీసుకురావాలి, అతను ఎక్కడో దూరాన తవ్వుతున్నాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ద్వాలి ఫోను కింద నేల మీద కూర్చుంది. ఆమె గోళ్లు నా మణికట్టులో దిగాయి. మధ్యలో ఫోనులోంచి ఏదో గరగరమన్నప్పుడు మేమిద్దరం ఒకేసారి లేచాం, అది ఇంకెవరిదో గొంతు. దేవుడా, ఆ గొంతు ఏం చెబుతుందోనని నేను చెవులు మూసుకున్నాను. నా మొగుడు అప్పుడు బడి నుంచి వచ్చి ఇంట్లో హాయిగా పేపరు చదువుకుంటూ ఉంటాడు. అయినా మూసుకున్నాను.

చివరికి రూప్లా వచ్చాడు. ఫోను ద్వాలి చెవి దగ్గరున్నా అతని కేక నాకు వినిపించింది. వాళ్ల భాషలో ఏదో అడుగుతున్నాడు, అడిగిందే అడుగుతున్నాడు. ద్వాలి నోరు తెరిచింది గాని గొంతు రాలేదు. ఆమె పలకకపోయేకొద్దీ అతని గొంతు పెరిగి, విరిగి, ఏడుపైంది. తర్వాత చెప్పింది, "పిల్లకేమైంది?" అని అడుగుతున్నాడట. పెళ్లాం గని దగ్గరికి వచ్చి ఫోను చేయించిందంటే ఇంట్లో చావు తప్ప మరొకటి ఉండదనుకున్నాడు. కింద అతను, పైన ఈమె, ఒకరి భయం ఒకరికి తగిలించుకుని ఆ తీగకు వేలాడారు. నేనే ఫోను లాక్కుని, "పిల్ల బాగుంది రూప్లా, అందరూ బాగున్నారు" అని అరిచాను.

మేం బయటికి వచ్చి చెబితే ఆడవాళ్లు నమ్మారా? "నీ మొగని మాట ఇన్నవ్. మావోళ్ల మాట ఎవరు ఇనిపిస్తరు?" అంది ఒక పెద్దావిడ. అధికారి తల పట్టుకుని, కొందరికైనా ఫోను ఇవ్వక తప్పలేదు. మిగతావాళ్లు షిఫ్టు ముగిసేదాకా గేటు ముందు నుంచి కదల్లేదని మర్నాడు విన్నాను. వెంకటప్పయ్య గారు ఆ ఉదయం ద్వాలిని తిట్టబోయి, ఆగి, తన గదిలోకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం సుధీంద్ర వచ్చి స్తంభాలను పెట్టెలో గడ్డి మధ్య పడుకోబెట్టి మేకులు కొడుతున్నాడు. ద్వాలి చేతిలో బకెట్‌తోనే వెళ్లి ఎదురుగా నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"దాన్ని తీస్కపోకు సారూ. ఈణ్నే ఉంచు."

అతను సుత్తి పక్కన పెట్టాడు. నిన్నటి గొడవంతా విన్నాడు, సిగ్గుపడుతున్నాడు. "చూడమ్మా, ఇది ఒట్టి యంత్రం. నీ ఒంటి మీద వెండి ఉందా లేదా అనేదే దీనికి తెలుస్తుంది. లోపల మనిషి ఎలా ఉన్నాడో దీనికేం తెలుసు?"

"నాకేం తెలుసు సారూ?" అంది ద్వాలి. "గందుకే అడుగుతున్న."

సుధీంద్ర నా వైపు చూశాడు, ఏదైనా చెప్పండి అన్నట్టు. రూప్లా మళ్లీ రెండో షిఫ్టుకు దిగే వేళవుతోంది. నేను ద్వాలి చేతిలో బకెట్ తీసుకుని కింద పెట్టి, రోజూ ఆమెను తడిమిన చేతులతోనే చెంపల మీది ఘుగ్రీలను తాకి చూసి, "రెండూ ఉన్నాయి ద్వాలీ. ఇక రోజూ నేను చూసి చెబుతా" అన్నాను.